కుట్టిన రెక్కలకు తాళం

టార్పాలిన్ కొట్టు, లారీ స్టాండు వెనక వీధి
వానలు వెలిసిన వారం

అక్కకు,

ఫోన్ చేస్తే పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తి, "నీ నవ్వు వింటే నా కోపం చెడిపోతుంది, చెప్పేదేదో కాయితం మీద ఏడువు" అన్నావు. ఏడుస్తున్నాను. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకున్న సంగతి నీకు తెలియనిది కాదు. ఒత్తులు ఎక్కడైనా ఎగిరిపోతే నువ్వే అతికించుకుని చదువుకో.

ముందు నీ మోకాలు ఎలా ఉంది? కుట్లు పడ్డాయని మేనల్లుడు చెప్పాడు. నా దగ్గరకొస్తే మిషను మీద డబుల్ కుట్టు వేసి పంపేవాణ్ణి. సరే సరే, నవ్వనులే.

ఒప్పుకుంటున్నాను. ఆ రోజు కొండ మీంచి పడింది మనిషి కాదు. నా పాత ఖాకీ చొక్కాలో, ప్యాంటులో గుడ్డపేలికలు కుక్కి, పైన ఫుట్‌బాల్ పెట్టి, మేం కింద వేలాడుతూ ఎగిరే రెక్కల్లో చెడిపోయిన పాతదానికి కట్టి తోసేశాను. అది నీ కోసం చేసింది కాదు. ఆ గ్లైడరు క్లబ్బు సెక్రటరీ కోసం చేసింది. మెడలో ఈల వేసుకుని తిరుగుతాడే, ఆ ఈలాయన. మేం రెక్క విప్పగానే ఈల. "పక్కకు జరగండి, కంపెనీ రెక్కలు ముందు" అని ఈల. పోయిన నెల నా రెక్కను వేలితో పొడిచి "దీనికి సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు. "నాకు పుట్టిన సర్టిఫికెట్టే లేదు సార్, దీనికెక్కణ్ణుంచి తేను?" అన్నాను. వాడి వెనకున్న పిల్లకాయలు నవ్వారు. అప్పట్నుంచి వాడికి నేనంటే పళ్ళు నూరుడే. అందుకని ఆ బొమ్మను తోసి "అయ్యో, సర్టిఫికెట్ లేదురోయ్!" అని గట్టిగా అరిచాను. ఈలాయన కొయ్యబారిపోయాడు. నేనూ, లేత్ మిషను మీద పనిచేసే మన బొంగరంగాడూ కడుపు పట్టుకుని దొర్లాం.

నువ్వు కింద పాలషెడ్డులో ఉంటావని, తలెత్తి చూస్తావని, నీ కొడుకు కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగానికి అదే ఖాకీ వేసుకుంటాడని నా మట్టిబుర్రకు తట్టలేదు అక్కా. నువ్వు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తుంటే పైనుంచి చూసి కూడా నాకు వెంటనే వెలగలేదు. వెలిగాక నవ్వు ఎటు పోయిందో తెలియదు.

తిట్టు. కొట్టు. కానీ గేటు తియ్యి. కొండ పైకి ఉన్న బండి దారి ఒక్కటే, అది నీ చేలోంచే పోతుంది. బావ ఉన్నన్నాళ్ళూ ఆ గేటుకు తాళం ఎలా ఉంటుందో మేం చూడలేదు. ఇప్పుడు ఈలాయన చేతికి తాళంచెవి ఇచ్చావట, మాకు మాత్రం గొలుసు కట్టావట. కంపెనీలో చేసిన రెక్కకు దారి, ఇంట్లో కుట్టిన రెక్కకు తాళమా? గాలివానలో లారీల మీద నిలబడే గుడ్డలు కుట్టే చేతులే ఈ రెక్కలూ కుట్టాయి. అల్లుడి రెక్క అయితే ప్రతి కుట్టూ వాడూ నేనూ ఎదురుబొదురుగా కూర్చుని చూసుకున్నాం.

మేం ముగ్గురమే కదా. నేను, అల్లుడు, బొంగరం. ముగ్గురికి అంత పెద్ద తాళం ఎందుకే?

నువ్వు కన్నతల్లిలా సాకి చెడగొట్టిన
తమ్ముడు


పాలషెడ్డు, కొండ కింద

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. రెండు చోట్ల నవ్వొచ్చింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నువ్వు పైనుంచి చూసింది రాశావు. కింద నుంచి నేను చూసింది కూడా విను. పాలు క్యానులో పోస్తున్నాను. నీడ కదిలితే తలెత్తాను. రెక్క గిర్రున తిరుగుతూ వచ్చి చెట్ల మీద పడింది, దాని కింద ఖాకీ. ఆ ఖాకీ కాళ్ళు ఊగుతున్నాయి. తర్వాత ఏం చేశానో నాకు గుర్తు లేదు. మోకాలు ఎక్కడ చీరుకుపోయిందో తెలియదు. ఆ చొక్కా పట్టుకుని వెల్లకిలా తిప్పేటప్పుడు, నా కొడుకు ముఖం ఏ స్థితిలో ఉన్నా చూడాల్సిందేనని గట్టిగా అనుకుని తిప్పాను. ఫుట్‌బాల్. దానికి నువ్వు మీసాలు కూడా గీశావు.

ఆ మీసాలు నాకు ఇప్పటికీ కనపడతాయి.

గేటు తియ్యను. సెక్రటరీ మర్యాదస్థుడు. వాళ్ళ మనుషులకేమైనా అయితే వాళ్ళదే బాధ్యత అని చెప్పాడు. వాళ్ళలో నా రక్తం ఎవరూ లేరు. నా రక్తం కుట్టిన రెక్కల కింద వేలాడుతుంది. అంతే తేడా.

నా కొడుక్కీ చెప్పాను. పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ముప్పై దాటినవాణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యలేను. కానీ నిన్ను ఆపగలను. నువ్వు ఆగితే వాడు ఆగుతాడు. మీ బావ పెట్టిన పద్ధతి ఉంది కదా. పరుగెత్తే ముందు ఎగిరేవాడు నడుం పట్టీల కొక్కెం రెక్కకు తగిలించుకుని నేలకు జానెడు ఎత్తున బోర్లా వేలాడాలి, ఇంకొకడు రెక్క ముక్కు పట్టుకుని ఆ కొక్కేన్ని కళ్ళారా చూసి "వేలాడావు" అనాలి. ఆ మాట చెవిన పడందే ఎవడూ కాలు కదపకూడదు. ఒక్కడే ఉంటే ఎగరడం లేదు. మీ బావ ఈ ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం ఒప్పుకునేవాడు కాదు. నా కొడుక్కి ఆ మాట చెప్పేది ఎప్పుడూ నువ్వే. బొంగరానికి వారం వారం షిఫ్టు మారుతుంది, వాడి మీద ఆధారపడలేరు.

కాబట్టి మాటివ్వు. నా కొడుకు ఎగిరే చోటికి, అది ఏ కొండైనా ఏ గట్టైనా, నీ నీడ కూడా రాదని రాసివ్వు. నీ మాట విలువెంతో నాకు తెలుసు. అయినా ఇవ్వు.

అక్క


టార్పాలిన్ కొట్టు
చలి మొదలయ్యాక

అక్కా,

రాస్తున్నాను, కళ్ళద్దాలు పెట్టుకుని చూసుకో: నా అల్లుడు ఎగిరే చోటికి నేను రాను, నా నీడ రాదు, నీడకు చుట్టం కూడా రాడు. ఇంతవరకూ నేనిచ్చిన మాటలన్నీ ఏ గంగలో కలిశాయో నీకు తెలుసు. మందు మానేస్తానన్న మాట, నీ ఇంటి కప్పుకు గుడ్డ వేస్తానన్న మాట, మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళకముందు ఆవిడకిచ్చిన మాటలు. ఇదీ ఆ బంధువుల్లో కలుస్తుందో, విడిగా కాపురం పెడుతుందో చూద్దాం.

నువ్వు అల్లుడు ఎగిరే చోటు అన్నావు కానీ నేను ఎగిరే చోటు అనలేదు. కాబట్టి బొంగరాన్ని వెంటేసుకుని చోటు కోసం తిరుగుతున్నాను. మా ఊరేగింపు సంగతి విను, నీకూ కాలక్షేపం.

మొదట హోటలు వెనక గుట్ట. ఆ మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, రెక్క ఏ కంపెనీదన్నాడు. "మా కంపెనీ పేరు ముక్కాలిపీట అండ్ సన్స్" అన్నాను. బొంగరం నవ్వు ఆపుకోలేక టీ కక్కేశాడు. మేనేజరు మా కప్పులు తీయించి, మమ్మల్నీ తీయించాడు.

తర్వాత నీళ్ళ ట్యాంకు గుట్ట. సర్కారుది. ఆఫీసులో గుమస్తా చాలా మంచివాడు, ఎవరి మీదా కోపం లేనివాడు. "ఇక్కడ ఎగరడానికి దరఖాస్తు లేదండి" అన్నాడు. లేకపోతే ఎగరొచ్చన్నమాటేగా అన్నాను. "దరఖాస్తు ఉంటే కదండీ మేం కాదనేది" అన్నాడు. ఆ తర్కానికి దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆ పైన మేకలాయన మెట్ట. ఆయనకు మా రెక్క నచ్చింది. చుట్టూ తిరిగి చూశాడు, గుడ్డ నలిపి చూశాడు. మేకలకు నచ్చలేదు. రెక్క విప్పగానే మంద మొత్తం పక్క లోయలోకి దూకింది. వాటిని పోగేసేసరికి పొద్దు గూకింది, ఆయన ముఖం మాడింది. ఇక రావద్దన్నాడు.

ఎక్కడికెళ్ళినా అదే. కంపెనీ ముద్ర ఉంటే సార్ రండి, లేకపోతే ఎవర్రా మీరు. రెక్క ఎగురుతుందా లేదా అని ఒక్కడూ అడగలేదు. నీ గేటు కాక ఇంకో గేటు ఉంటుందనుకున్నాను అక్కా. ఉన్న గేటల్లా నీదే.

అల్లుడు సాయంత్రాలు కొట్టుకొస్తున్నాడు. రెక్క గురించి మాట్లాడటం లేదు. స్తంభం మీద కూర్చుంటే కొండ కనపడుతుందట, అక్కడ రంగురంగుల రెక్కలు తిరుగుతుంటే తీగ మీద చెయ్యి ఆగిపోతుందట. అంత ఎత్తున చెయ్యి ఆగకూడదు, కాస్త చూసుకోరా అన్నాను.

మాటిచ్చిన
తమ్ముడు


పాలషెడ్డు

తమ్ముడికి,

మేకల సంగతి చదివి పడీ పడీ నవ్వాను. వాడికి కూడా వినిపించాను, వాడూ నవ్వాడు. చాలా రోజులకు ఈ ఇంట్లో ఇద్దరం ఒకేసారి నవ్వడం. తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

క్లబ్బువాళ్ళు మంచివాళ్ళే. నమస్కారం పెడతారు. గేటు సరిగ్గా వేస్తారు. కానీ నీళ్ళ సీసాలు గడ్డిలో పడేస్తారు, దూడ ఒకటి మూత మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంది. చెబితే సెక్రటరీ క్షమాపణ చెప్పి ఈల ఊది అందరితో ఏరించాడు. నువ్వైతే ఆ దూడకు క్లబ్బు సభ్యత్వం ఇవ్వమని గొడవ చేసేవాడివి.

కొండ మీద అన్ని రంగులు తిరుగుతుంటే, తలెత్తినప్పుడల్లా మనది ఏదా అని వెతుకుతున్నాను. అలవాటు. ఒక్కటీ మనది కాదు. హాయిగా ఉండాలి కదా మరి? ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

వాడు రెక్కను షెడ్డు దూలాలకు కట్టి పెట్టాడు. అది అక్కడుంటే నాకు నిద్ర పడుతుంది. పోయిన వారం ఒక పొద్దున దూలాలు ఖాళీగా కనిపించాయి. సాయంత్రానికి మళ్ళీ ఉంది. అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

పాల బండివాడు ఏదో క్వారీ గట్టు మాట ఎత్తాడు. రాయి తీయడం మానేసిన చోటట. నీకేమైనా తెలుసా? నువ్వు మాటిచ్చావు. గుర్తుంచుకో.

అక్క


టార్పాలిన్ కొట్టు
ఎండలు ముదిరే ముందు

అక్కా,

క్వారీయా? ఏ క్వారీ? నాకు తెలిసిన క్వారీ నా నోరొక్కటే, అందులోంచి రాళ్ళు తప్ప ఏమీ రావని నువ్వే అంటావు.

ఈ ఒక్కసారి వేళాకోళం లేకుండా రాస్తాను, భయపడకు. నాకు ఎక్కువసేపు చేతకాదు.

గేటు తియ్యి. నా కోసం కాదు, నన్ను గేటు బయటే కట్టేయి, మొరగను కూడా మొరగను. మిగతా ఇద్దరి కోసం తియ్యి. మీ కొండ వాలు మీద గడ్డి ఉంది. పడితే గడ్డి మీద పడతారు, కాలో చెయ్యో విరిగితే నువ్వు రెండు తిట్టి కట్టు కట్టిస్తావు. వేరే చోట్ల రాయి ఉంటుంది. ఇంకోటి. మీ కొండ మీద ఎప్పుడూ ఎవడో ఒకడు ఉంటాడు. మనల్ని చూసి మొహం చిట్లించే ఈలాయనైనా ఉంటాడు. కొక్కెం చూడటానికి రెండు కళ్ళు చాలు, ఆ కళ్ళకు మనమంటే ఇష్టం ఉండక్కర్లేదు.

ఎగరాలని ఉన్నవాడు గేటు మూస్తే ఆగడు. ఎవరూ లేని చోటు వెతుక్కుంటాడు. నేను ఆ వయసులో ఉన్నప్పుడు బావ నన్ను మీ కొండ మీదికి ఎందుకు రానిచ్చాడనుకున్నావు? నా మీద ప్రేమతోనా? ఇంకెక్కడో పడి చస్తానని. నాతోనే అన్నాడు, "నా కళ్ళ ముందు ఏడువు" అని.

ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో నేను చెప్పను. చెబితే వాడు నా దగ్గరకు రావడం కూడా మానేస్తాడు. నువ్వే అడుగు. అడగడానికి భయం వేస్తే, అడగకుండానే తాళం తీసెయ్యి.

నేను మాత్రం మాట మీదే ఉన్నాను. నాకే వింతగా ఉంది. ఆదివారాలు కొట్టు తెరిచి కూర్చుంటున్నాను. పక్క కొట్టువాడు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

తమ్ముడు


పాలషెడ్డు

తమ్ముడికి,

నువ్వు వచ్చావు. పాడె దగ్గర అందరి వెనకా నిలబడ్డావు. నా దగ్గరకు రాలేదు. వస్తే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు కాబట్టి రాకపోవడమే మంచిదైంది.

వాడి ముఖం చూడొద్దన్నారు. నేను చూస్తానన్నాను. ఇదివరకు ఒకసారి చూడటానికి సిద్ధపడి తిప్పినదాన్నే కదా. ఈసారి వాడే.

ఒక్కటే అడుగుతాను. నీ ఆఖరి ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. గేటు తీయలేదు. అదంతా నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయక్కర్లేదు. నేను అడిగేది వేరు. ఆ క్వారీ గట్టు మీద వాడు ఒక్కడే ఎందుకున్నాడు? నువ్వు ఎక్కడున్నావు?

అక్క


టార్పాలిన్ కొట్టు

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతాను.

బొంగరానికి ఆ రోజు పొద్దుటి షిఫ్టు. అల్లుడు ముందురోజు సాయంత్రం కొట్టుకొచ్చి నన్ను రమ్మన్నాడు. వస్తానన్నాను. నీకిచ్చిన మాట నాకు అడ్డం రాలేదు, నా మాటలు నాకెప్పుడు అడ్డమొచ్చాయి గనక. ఆ రాత్రి తాగాను. నా పాత స్నేహితుడు, ఆ లారీ బ్రోకరు, వచ్చాడు, ఇద్దరం మూలనున్న షాపులో కూర్చున్నాం, వాడి కూతురి కాపురం సంగతి చెప్పి వాడు ఏడిస్తే నేనూ ఏడ్చాను, ఇంకో సీసా తెప్పించాం. పొద్దున మెలకువ రాలేదు. లేచేసరికి ఎండ ముఖం మీద పడుతోంది. అల్లుడు నా కోసం చూసి చూసి ఒక్కడే ఎగిరి ఉంటాడు. అంతే. నీ తమ్ముడు తాగి పడుకున్నాడు. తిట్టుకోవాలంటే దీన్ని తిట్టుకో, ఇంకెవర్నీ తిట్టుకోకు.

ఏం జరిగిందో కూడా నువ్వు తెలుసుకోవాలి. వేరేవాళ్ళు వంకర టింకరగా చెప్పకముందే నేను చెబుతాను. రెక్క విరగలేదు. తీగ తెగలేదు, కుట్టు ఊడలేదు. వాడు లేకుండా అది ఒక్కటే తేలుకుంటూ వెళ్ళి క్వారీ అడుగున పొదల మీద వాలింది. ఈలాయన వచ్చి రెక్క చట్రంలోని గొట్టం గొట్టం తడిమి చూశాడు. "ఇంత శుభ్రమైన పని నేను కంపెనీల్లో కూడా చూడలేదు" అన్నాడు. వాడి ఈల వాడి నోట్లోనే కుక్కాలనిపించింది. ఆ మాట సర్టిఫికెట్ అడిగిన రోజే ఎందుకు అనలేదురా అని.

వాడి పట్టీలకున్న కొక్కెం ఖాళీగా ఉంది. తగిలించుకోలేదు. గాలి ఎటుందో చూసుకోవడానికి అంచున కర్రకు రిబ్బను కడతాం. అది చిక్కుపడి ఉంటుంది. కొక్కెం ఊడదీసుకుని వెళ్ళి దాన్ని సర్ది, వచ్చి రెక్క ఎత్తుకుని పరుగెత్తి ఉంటాడు. తగిలించుకునే ఉన్నాననుకున్నాడు. ఎంత అనుభవం ఉన్నవాడికైనా అవుతుంది. అందుకే బావ ఆ పద్ధతి పెట్టింది. చేతులతో పట్టుకుని కొంత దూరం వెళ్ళాడు. ఎంత దూరమో నేను రాయను.

తమ్ముడు


పాలషెడ్డు

తమ్ముడికి,

నువ్వు అబద్ధం ఆడితే అందులో ఊరి జనమంతా ఉంటారు. లారీ బ్రోకరు, వాడి కూతురు, ఇంకో సీసా. చిన్నప్పుడు నాన్న బెల్టు తీస్తే కూడా ఇలాగే చెప్పేవాడివి. నిజం చెప్పినప్పుడు మాత్రం ఒక్క ముక్కతో ఊరుకుంటావు.

బొంగరం వచ్చాడు. గడపలో కూర్చుని లోపలికి రానన్నాడు. ఆ రోజు షిఫ్టుకు వెళ్తూ చూస్తే, ఇంకా తెల్లవారకముందే నీ కొట్టు షట్టరు తీసి ఉందట. నువ్వు మిషను ముందు కూర్చుని ఉన్నావట. సూదిలో దారం లేదట, తొక్కుతున్నావట. "నువ్వు వెళ్ళలేదా?" అంటే "అక్కకు మాటిచ్చాను" అన్నావట.

తాగలేదు నువ్వు. పడుకోలేదు కూడా.

నన్ను కాపాడదామని నీ నెత్తిన వేసుకుంటున్నావు. నాకు అర్థమైంది. నాకది వద్దు. నీ దగ్గరే ఉంచుకోకు, అవతల పారెయ్యి. ఎందుకంటే నేను చెప్పాల్సింది ఇంకోటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున నాకు మెలకువే. వాడు దూలాల మీంచి రెక్క దింపుతున్న చప్పుడు విన్నాను. గొట్టం గోడకు తగిలి మోగితే వాడు కాసేపు ఆగాడు, నేను లేస్తానేమోనని. నేను లేవగలిగేదాన్నే. తలుపు దగ్గర నిలబడితే చాలు, వాడు నన్ను దాటుకుని వెళ్ళేవాడు కాదు. లేవలేదు. ఎందుకు లేవలేదో తెలుసా? నువ్వు అక్కడ ఉంటావనుకున్నాను. నువ్వు ఏనాడు మాట మీద నిలబడ్డావు గనక? నాకు రాసిచ్చి, నా వెనక వాడితో వెళ్తుంటావు, వాడి కొక్కెం చూస్తుంటావు, నాకు తెలియదనుకుని ఇద్దరూ నవ్వుకుంటుంటారు అనుకున్నాను. గేటు మూసిన కోపం నాకుండనే ఉంటుంది, కొడుకు మీద ఒక కన్నూ ఉంటుంది. నాకు రెండూ కావాలి. అందుకే పక్కకు తిరిగి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

నీ మాట తప్పుతావన్న ధైర్యంతో పడుకున్నాను తమ్ముడూ.

అక్క


టార్పాలిన్ కొట్టు

అక్కా,

నిజమే. వెళ్ళలేదు.

ముందురోజు సాయంత్రం వాడు రమ్మన్నప్పుడు, మీ అమ్మకు మాటిచ్చాను రా అన్నాను. వాడు నవ్వాడు. "మాటా? నువ్వా మామా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. యాభై ఏళ్ళొచ్చాక, ఒక్కసారి మనిషిననిపించుకుందామని. సరేలే, గాలి బాగుంటేనే వెళ్తాలే అని వెళ్ళిపోయాడు.

తెల్లవారేదాకా ఉండబట్టలేదు. బండి తాళం చేతిలో పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాను.

ఇంకేమీ లేదు చెప్పడానికి.

ఒకటుంది. బొంగరం మళ్ళీ క్వారీకి వెళ్తున్నాడు. ఒక్కడే. చొక్కా పట్టుకుని ఆపబోతే నన్ను తోసేశాడు. "వాడు పోయాడని నేను ఎగరడం మానేస్తే వాడెందుకు పోయినట్టు?" అంటాడు. నేను తోడొస్తానంటే నా ముఖం చూడలేనంటున్నాడు. నిన్న వెళ్ళి దూరంగా రోడ్డు మీద నిలబడ్డాను. వాడు దిగేదాకా చూసి వచ్చాను. కొక్కెం అంత దూరం నుంచి కనపడదు.

గేటు అడగడం లేదు. అడిగే ముఖం నాకు లేదు. ఉన్న సంగతి చెబుతున్నానంతే.

తమ్ముడు


కొండ కింద
సోమవారం

తమ్ముడికి,

నిన్న ఆదివారం. గొలుసు కోయించాను. తాళంచెవి ఉంది, కానీ కోయించాను. గేటు కూడా బద్దలతో సహా పీకించి గడ్డివాము వెనక వేయించాను. బొంగరానికి కబురు పెడితే రాలేదు. నేనే వాడి మిషన్ల షెడ్డుకు వెళ్ళి, అంత చప్పుడులో అరిచి చెప్పాను, నా కొండ ఉండగా ఆ గోతిలో ఎగిరితే కాళ్ళు విరగ్గొడతానని. వచ్చాడు.

మీ బావ పోయాక నేను పైకి ఎక్కలేదు. మోకాలు ఒప్పుకోలేదు, కూర్చుంటూ లేస్తూ ఎక్కాను. క్లబ్బు జనం ఇటు, బొంగరం అటు, మధ్యలో నేను. అందరికీ చెప్పాను. కంపెనీదైనా కుట్టిందైనా నా కొండ మీద ఒకటే. ఇంకొకడు చూసి చెప్పందే ఎవడూ పరుగెత్తడు, ఒంటరిగా వచ్చినవాణ్ణి వెనక్కి పంపుతాను. సెక్రటరీ, వాళ్ళకు వాళ్ళ నిబంధనలు ఉన్నాయని ఏదో మొదలుపెట్టాడు. నావైపు చూసి ఆపేశాడు.

బొంగరం రెక్క ముక్కు నేను పట్టుకున్నాను. అది అంత బరువుంటుందని తెలియదు. గాలికి చేతుల్లో ప్రాణమున్న దానిలా గుంజుతుంది. వాడు పడుకుని వేలాడాడు. సెక్రటరీ ముక్కు అందుకుంటే నేను పక్కకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. కొక్కెం ఉంది. వేలు పెట్టి చూశాను, ఉంది. పట్టీ గుంజి చూశాను. వాడు కింద నుంచి "ఉందా అక్కా?" అన్నాడు.

ఒక్క మాటే కదా చెప్పాల్సింది. పట్టీ పట్టుకున్న చెయ్యి తీయలేకపోయాను. ఆ మాట ఎవరైనా చెప్పి ఉంటే అనుకుంటూ అలాగే కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. బొంగరం ముఖం నేల వైపు ఉంది, గడ్డి మీద వాడి కన్నీళ్ళు పడటం చూశాను.

తర్వాత చెప్పాను. "వేలాడావు" అని. చెయ్యి తీశాను. వాడు పరుగెత్తాడు.

కింద పాలషెడ్డు పక్కన దిగేదాకా కళ్ళార్పలేదు. వచ్చే ఆదివారం కూడా ఎక్కుతాను. ఆ పై ఆదివారం కూడా. కానీ మీలా కాదు, రెక్క ముక్కు పట్టుకుంటే నా కళ్ళకు కొక్కెం ఆనదు, కొక్కెం చూస్తే ముక్కు పట్టుకోలేను. ఈ సెక్రటరీ చెయ్యి మెత్తన, గాలి గట్టిగా కొడితే వదిలేస్తాడు.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. నన్ను నువ్వు క్షమించావో లేదో అడగను. వాడు లేని ఇంట్లో ఆ సంగతి తేలినా తేలకపోయినా ఒకటే.

రా. ఇక నీ దగ్గర ఏ మాటా తీసుకోను.

అక్క